కళాయి చాచా వద్దన్న పేరు

మా కళాయి చాచా పోయాడన్న కబురు నేను క్లాసులో ఉండగా వచ్చింది. నిజామాబాద్‌లో నేను కెమిస్ట్రీ చెప్పే డిగ్రీ కాలేజీలో అది పొద్దున రెండో పీరియడ్. ఫోన్ మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి వరండాలోకి వచ్చి ఎత్తాను. అటువైపు ఆయన కూతురు. నేను ఆపా అని పిలుస్తాను.

"అబ్బా పోయిండు," అంది ఆపా. "ఫజర్ నమాజుకు లేపుదామని పోయిన. లేవలే. జొహర్ నమాజు అయినంక తీస్కపోతరు. అందుతవా?"

"బయల్దేరుతున్నా," అన్నాను.

సెలవు అడగడానికి వెళ్తే ప్రిన్సిపాల్ గారు, "ఎవరమ్మా, దగ్గరివాళ్లా?" అన్నారు. బంధువు కాదు. గురువు అందామంటే ఆయన బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. "పక్కింటాయన," అన్నాను చివరికి. అది నిజమే. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం ఆ మాట చాలదనిపించింది. ఏ మాట చాలుతుందో తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు. ఈ నాలుగు పేజీలు రాస్తున్నది అందుకే.

మాది ఎడపల్లి దగ్గర చెరకు, వరి పండించే కుటుంబం. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్నారు. నా చదువు కోసం అమ్మ, నేను బోధన్‌లో ఒక గల్లీలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నాం. పక్కిల్లు చాచాది. ముందు గదిలో కొలిమి, వెనక రెండు గదుల్లో సంసారం. రాగి, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత పూయడం ఆయన పని. దాన్నే కళాయి అంటారు. ఆ పూత లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుమెక్కి వాంతులు పట్టుకుంటాయి. అందుకని అమ్మ పెళ్లినాటి గిన్నెలన్నీ ఏడాదికోసారి చాచా చేతుల్లోకి వెళ్లి రావలసిందే. అప్పటికే స్టీలు గిన్నెలు వచ్చి ఆ వృత్తి చేసే ఇళ్లు ఒక్కొక్కటే తలుపులు మూసుకుంటున్నాయి. చాచా మూయలేదు. పెళ్లి వంటల పెద్ద రాగి గిన్నెలు, ఆ దేగులు ఉన్నంతకాలం నాకు ఫికర్ లేదనేవాడు.

ఆయన పని చూడడం చిన్నప్పుడు నాకు ఆట. ముందు గిన్నెలో ఇసుక, ఇటుక పొడి వేసి, అందులో రెండు పాదాలూ పెట్టి నిలబడేవాడు. గోడకు దిగ్గొట్టిన కొయ్య పట్టుకుని నడుము కింది భాగాన్ని అటూ ఇటూ గిరగిరా తిప్పేవాడు. అంత గడ్డం, టోపీ ఉన్న పెద్దమనిషి గిన్నెలో నిలబడి డ్యాన్సు చేస్తున్నట్టు ఉండేది. నేను పడీపడీ నవ్వేదాన్ని.

"నవ్వు బేటా, నవ్వు. నువ్వు నవ్వితే ఇంక జర సాఫ్ అయితది," అనేవాడు.

తర్వాత బొగ్గుల మీద గిన్నెను కాల్చి నవాసారం పొడి చల్లేవాడు. గదంతా తెల్లటి పొగ. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నెకు తాకించి, దూది ముద్దతో ఒక్క తుడుపు తుడిచేవాడు. ఎర్రటి రాగి మీద వెండి రంగు ఒక్కసారిగా పాకేది. పని అయ్యాక గిన్నెను వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఏం వినేవాడో నాకెప్పుడూ చెప్పలేదు. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అందులో చిన్న బెల్లం ముక్క వేసి ఇచ్చేవాడు. "ఖాళీ గిన్నె ఇంట్లకు పోవద్దు," అనేవాడు.

ఆయన మాటల్లో ఒకటి నాకు బాగా గుర్తు. "మురికి మీద ఏదీ పట్టది. సెగ తక్కువైతే పట్టది, ఎక్కువైతే పట్టింది గూడ కాలిపోతది. నడిమిట్ల ఒక ఘడియ ఉంటది, గది జూస్కోవాలె." నాకు చెప్పేవాడో, గిన్నెకు చెప్పేవాడో తెలియదు. ఏళ్ల తర్వాత ఎమ్మెస్సీలో ఉత్ప్రేరకాల పాఠం చెబుతూ, అణువు లోహానికి మరీ గట్టిగా అంటుకున్నా పని జరగదు, మరీ వదులుగా ఉన్నా జరగదు అన్నారు మా లెక్చరర్. ఇది ఎక్కడో విన్నానే అనుకున్నాను. ఎక్కడో చాలా రోజుల దాకా గుర్తు రాలేదు.

పీహెచ్‌డీకి హైదరాబాద్ వెళ్లాక నేను చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పి చూస్తాను. చెరకు ఫ్యాక్టరీల మడ్డిని మురగబెడితే గ్యాసు వస్తుంది. ఆ గ్యాసును బాగా వేడెక్కిన నికెల్ మీదుగా పంపితే అణువులు విడిపోయి హైడ్రోజన్ ఇస్తాయి. నికెల్ ఖర్చయిపోదు, పని చేయించి ఊరుకుంటుంది. అయితే కొన్నాళ్లకు దాని మీద కర్బనం మసిలా పేరుకుని పని ఆగిపోతుంది. ఆ మసి ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం నా పని. కంప్యూటర్‌లో నికెల్ పరమాణువులను ఒక్కొక్కటే పేర్చి ఒక ఉపరితలం కడతాం. దాని మీద గ్యాసు అణువులను వదిలి, ఏది ఎక్కడ వాలుతుంది, ఎంత బలంగా అంటుకుంటుంది, ఎక్కడ విరుగుతుంది అని కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తాం. ఒక్కో లెక్కకు రోజులు పడతాయి.

నా లెక్కలు ప్రయోగాలతో కలవలేదు. నా నికెల్ మీద కర్బనం నిలవడానికే ఇష్టపడటం లేదు. పక్క ల్యాబులో అసలు నికెల్ నల్లగా మసిబారుతోంది. నెలల తరబడి ఇదే వరస. ఫెలోషిప్ ఆఖరి ఏడాదిలో పడ్డాను. ఇదంతా వదిలేసి బీఈడీ చేసుకుంటానని ఫోన్లో అమ్మతో అన్నాను.

"ముందు ఇంటికొచ్చి నాలుగు రోజులు తిను. వదిలెయ్యడం ఎంతసేపు, తర్వాత వదిలేద్దువు గాని," అంది అమ్మ.

అలా వచ్చాను. ఒక మధ్యాహ్నం చాచా ఇంటి అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. గడప దగ్గర ఆపా వెల్లుల్లి ఒలుస్తోంది. చాచా చేతులు కడుక్కుని వచ్చి తెర మీదికి వంగాడు.

"గివేంది బేటా? బూందీ లెక్క ఉన్నయ్."

"నికెల్, చాచా. లోహాన్ని ముక్కలు చేసుకుంటూ పోతే చివరికి మిగిలే గుండ్లు ఇవి."

"గీ నల్లది?"

"మసి. అది ఇక్కడ నిలవాలి. నిలవట్లేదు."

"నిలువకుంటే మంచిదే గద?"

"నా దాంట్లో నిలవట్లేదు చాచా. అసలు దాంట్లో నిలుస్తోంది."

చాచా నవ్వాడు. "అట్లయితే నీది అసలుది గాదు." కళ్లద్దాలు లుంగీ అంచుతో తుడిచి మళ్లీ చూశాడు. "గింత సాఫ్ లోహం ఏడ దొరికింది నీకు? యాభై ఏండ్ల సంది రుద్దుతున్న, నాకు ఒక్కనాడు దొరకలే."

ఆ తర్వాత జరిగింది నాకు ఇలా గుర్తు. చాచా లోపలికి వెళ్లి అమ్మ ఇత్తడి గిన్నె ఒకటి తెచ్చాడు. పూత పోయిన గిన్నె. నా వేలు పట్టుకుని దాని అంచు మీద, గరిటె గీతల మీద, సొట్ట మీద తిప్పాడు. అక్కడ పచ్చగా చిలుము ఉంది. మధ్యలో లేదు. "సూడు. నడుమల ఏం గాలే. ఖరాబు మొదలయ్యేది అంచుకెళ్లి, గీతకెళ్లి," అన్నాడు. లేచి వెళ్తూ, "మసి వడ్తుంటే జర తగరం పూయరాదు?" అని కూడా అన్నాడు. ఇద్దరం నవ్వాం.

నా తెర మీది నికెల్‌కు అంచు లేదు, గీత లేదు. అద్దంలా నున్నటి పలక. నిజమైన నికెల్ ఉపరితలం మెట్లు మెట్లుగా ఉంటుందని పుస్తకాల్లో చదివినదాన్నే. మెట్లు పెడితే లెక్క పెద్దదవుతుందని పలకనే ఎంచుకున్నాను. ఎంచుకున్న సంగతి కూడా మర్చిపోయాను.

హైదరాబాద్ వెళ్లి మా గైడుకు చెప్పాను. "మెట్టు పెట్టావంటే పరమాణువులు మూడింతలు. ఒక్కో లెక్క వారం తింటుంది. నీకు టైముందా?" అన్నారు.

"లేదు సార్."

"మరి?"

"ఇప్పటిదాకా వచ్చింది తప్పు సార్. టైము లేదని తప్పు థీసిస్ ఇవ్వలేను."

ఆయన చాలాసేపు పెన్ను తిప్పి, "చెయ్యి," అన్నారు.

రెండుసార్లు లెక్క మధ్యలో తెగిపోయింది. మూడోసారి నిలబడింది. కర్బనం వచ్చి మెట్టు కింది మూలలో కూర్చుంది. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. చీమల బారులా. పాడైపోయే చోటు కనిపించినందుకు మనిషికి అంత సంతోషం ఎందుకు కలుగుతుందో నాకు తెలియదు, నేను మాత్రం కంప్యూటర్ గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. గైడు చూసి, "ఇది పాత పేపర్లలోనే ఉంది కదమ్మా. చదవలేదా?" అన్నారు. చదివాను. తర్వాత మెట్టు అంచున కొన్ని తగరం పరమాణువులు పెట్టి చూశాను. మసికి కూర్చునే చోటు లేకుండా పోయింది. తగరం కూడా పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. మన చెరకు మడ్డి గ్యాసుకు అది ఎలా పనిచేస్తుందన్నది కొత్త. థీసిస్‌కు అది చాలింది.

స్పైరల్ బైండింగ్ చేయించిన మొదటి కాపీ పట్టుకుని బోధన్ వచ్చాను. మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. గైడు, అమ్మ, ఆ తర్వాత చాచా. లోహం ఎక్కడినుంచి పాడవుతుందో నాకు చేత్తో చూపించిన కళాయి పనివాడు అని, ఆయన పూర్తి పేరుతో ఇంగ్లీషులో రాశాను. చాచాకు తెలుగులో చదివి వినిపించాను. ఆయన తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. చాలాసేపు చూసి, పుస్తకం మూసి నా చేతికిచ్చేశాడు.

"గా అంచు మాట నేను అనలే బేటా," అన్నాడు.

వేళాకోళమనుకున్నాను. "అన్నారు చాచా. అమ్మ గిన్నె తెచ్చి నా వేలు పెట్టి చూపించారు."

"గిన్నె తెచ్చిన. మాట అనలే. చిలుము మూలకే ఉన్నది గద చాచా అని నువ్వే అన్నవ్. నేను అవునన్న. గంతే."

ఆపా వైపు చూశాను. గడప దగ్గర కూర్చుని అన్నీ విన్న మనిషి కదా. ఆపా కొంచెం ఆలోచించి, "నాకు యాదికున్నకాడికి గా మాట మీ అమ్మ అన్నది," అంది. ఇంటికి వెళ్లి అమ్మను అడిగాను. "నేనా? నేనా రోజు పొలం వెళ్లాను కదే," అంది అమ్మ.

ఒక్క మధ్యాహ్నం, ఒక్క మాట. నలుగురం నాలుగు రకాలుగా ఉన్నాం. మర్నాడు మళ్లీ చాచా దగ్గరికి వెళ్లి, "పోనీ, తగరం పూయమని అన్నది మీరే కదా," అన్నాను.

"గది నవ్వులకు అన్న. నవ్వులకన్నది కితాబుల రాస్తరా?" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "చెయ్యని పనికి పేరు వెట్టుకుంటే గది గూడ చిలుమే బేటా. తీసెయ్," అన్నాడు.

నాకు కష్టంగా అనిపించింది. మిఠాయి డబ్బా కూడా తీసుకెళ్లాను. అది తెరవకుండానే అక్కడ పెట్టి వచ్చేశాను. తీసెయ్యమన్నాడు కదా అని తీసేశాను. లైబ్రరీకి ఇచ్చిన గట్టి అట్టల థీసిస్‌లో ఆయన పేరు లేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు బోధన్ వెళ్లాను, ఎన్నోసార్లు ఆయన కొలిమి దగ్గర కూర్చున్నాను. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. వెళ్లినప్పుడల్లా ఒక ప్రశ్న మాత్రం వేసేవాడు.

"నికెల్ ఎట్లున్నది?"

"బాగుంది చాచా."

"మసి?"

"తగ్గింది."

"అచ్ఛా," అనేవాడు తృప్తిగా, ఇంటి మనిషి జ్వరం సంగతి కనుక్కున్నట్టు.

చాచా పోయిన రోజు నేను గల్లీలోకి వచ్చేసరికి ఇంటి ముందు మగవాళ్లు నిలబడి ఉన్నారు. పెళ్లిళ్లకు బిర్యానీ వండే ఒక ముసలాయన నన్ను చూసి ముందుకొచ్చాడు.

"మీరే గద, మా చాచా పేరు కితాబుల ఎక్కిచ్చిన మేడం?"

నేను చెప్పులు విప్పబోతూ ఆగాను.

"దేగులు తెచ్చినప్పుడల్లా చెప్తుండె. లోహం మీద ఇంగ్లీషు కితాబున్నది, దాంట్ల నా పేరున్నది, హైదరాబాద్ల పెద్ద లైబ్రరీల వెట్టిన్రు అని. నేను నమ్మకపోతుంటి. ఉన్నది గదమ్మా?"

చుట్టూ ఉన్న నలుగురైదుగురు నా వైపు తిరిగారు. వాళ్లందరికీ తెలుసని వాళ్ల మొహాలే చెబుతున్నాయి.

"ఉంది," అన్నాను.

ఆ ఒక్క మాట అని లోపలికి నడిచాను. వెనక గదిలో ఆడవాళ్లు ఖురాన్ చదువుతున్నారు. అమ్మ నాకంటే ముందే వచ్చి ఆపా పక్కన కూర్చుని ఉంది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నా ఎదుట వద్దన్న పేరును ఊరంతా చెప్పుకున్నాడా? అయితే నాతో ఎందుకు వద్దన్నాడు? వద్దనడం నిజమైతే వీళ్లతో చెప్పింది ఏమిటి? నేను తీసేయలేదనుకున్నాడా? తీసేశానని తెలిసీ చెప్పుకున్నాడా? అబద్ధం ఆడే మనిషి కాదు. మరి ఇదేమిటి? ఎంత ఆలోచించినా ఒకదానికొకటి అతకలేదు. ఏడుపు కూడా సరిగా రాలేదు.

చాచాను మోసుకుని జనాజా కదిలింది. ఆడవాళ్లం గడప దగ్గరే ఆగిపోయాం. గల్లీ మలుపు తిరిగి కనుమరుగయ్యాక ఆపా వచ్చి నా పక్కన కూలబడింది. ఇంక ఆగలేక చెప్పేశాను.

"ఆపా, చాచా పేరు ఆ పుస్తకంలో లేదు. తీసేశాను."

ఆపా నా వైపు తిరిగింది. "ఎందుకు తీసినవ్?"

"తీసెయ్యమన్నారు కదా. నువ్వూ ఉన్నావు."

"అంటే తీసేస్తవా?" అంది. కోపం లేదు గొంతులో. అలసట ఉంది. "పెద్దోళ్లు ఒకసారి వద్దంటరు బేటా. ఇంటికొచ్చినోళ్లు చాయ్ వద్దంటే పొయ్యకుంట ఉంటమా? రెండోసారి అడగాలె. మూడోసారి అడగాలె."

మర్నాడు వెళ్లి మళ్లీ అడిగాను కదా అనుకున్నాను. నేను అడిగింది తగరం మాట ఎవరిదని. పేరు ఉంచనివ్వమని కాదు.

ఆపాయే మళ్లీ అంది. "ఏమో. నిజంగనే వద్దన్నడేమో. అందరికి ఉట్టిగ ఖుషీకి చెప్పుకున్నడేమో. బిడ్డను, నాకే తెల్వది. నీకేం తెలుస్తది?" అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్చవలసింది నేను. ఓదార్చింది ఆపా.

లైబ్రరీలోని పుస్తకంలో ఇప్పుడు ఒక పేజీ మార్చడం కుదరదు. కనుక్కున్నాను. ఆయన పేరు ఇక్కడైనా రాద్దామని ఈ కాగితాల మీద మూడుసార్లు రాసి కొట్టేశాను. రాస్తే వద్దన్న మాట కాదన్నట్టవుతుంది. రాయకపోతే రెండోసారి కూడా తీసేసినట్టవుతుంది. అడుగుదామంటే ఆయన లేడు. ఏది సరో నాకు తెలియక, చిన్నప్పటి నుంచి పిలిచిన పిలుపు ఒక్కటే ఉంచాను. చదివేవాళ్లలో బోధన్ వాళ్లెవరైనా ఉంటే ఎవరో పోల్చుకుంటారు. వంటాయనకు నేను చెప్పిన అబద్ధం సంగతి కూడా ఈ కాగితం వల్లే తెలుస్తుంది. తెలియనీ.

ఆ రోజు తిరిగి వచ్చేముందు కొలిమి గదిలోకి వెళ్లాను. బొగ్గులు చల్లారి ఉన్నాయి. గోడ వారగా పెద్ద రాగి దేగు ఒకటి పక్కకు ఒరిగి ఉంది. "నిన్న అడుగు ఒక్కటే జేసిండు. గోడలు రేపు జేస్త అన్నడు," అంది వెనక నుంచి ఆపా. వంగి లోపలికి చూశాను. అడుగంతా కొత్త తగరం, తెల్లగా. జానెడు ఎత్తు దాకా ఆ తెలుపు వచ్చింది. ఆ పైన దూది తుడుపులు వంకరటింకరగా ఆగిపోయి, అక్కడినుంచి మూతి దాకా ఉత్త రాగి. ఇంతలో ఖబరస్తాన్ నుంచి వంటాయన తిరిగొచ్చాడు. ఆ దేగు ఆయనదే. చెయ్యి వేశాడు, లోపలికి తొంగి చూశాడు, చెయ్యి తీసేశాడు. ఎత్తుకుపోలేదు. పెంకుల సందులోంచి పడ్డ ఎండ దేగు అడుగున తగిలి, ఆ వెలుగు చాలాసేపు గది కప్పు మీద అలా నిలిచి ఉంది.